యాభయ్యో నిమిషంలో గ్రౌండ్ దాటాను

మా ఫుట్‌బాల్ వాట్సాప్ గ్రూప్‌లో ఒక స్టిక్కర్ ఉంది. చొక్కా లేకుండా, చేయి పైకెత్తి గ్రౌండ్‌లోంచి పోతున్న మనిషి. కింద ‘మన డ్యూటీ అయిపోయింది’ అని అక్షరాలు. ఒళ్లు ఆంటోనియో బ్రౌన్‌ది, తల నాది. తల మార్చింది ఎవరో నాకు తెలుసు. కానీ వాడి మీద కోపం తెచ్చుకునే మొహం నాకు లేదు. బ్రౌన్ తలతోనే ఆ స్టిక్కర్‌ను మొదట తయారుచేసి గ్రూప్‌లో వదిలింది నేనే.

బ్రౌన్ ఆడేది మన ఫుట్‌బాల్ కాదు. హెల్మెట్లు పెట్టుకుని, భుజాలకు ప్యాడ్లు కట్టుకుని, బంతిని చేత్తో పట్టుకుని ఉరికే అమెరికా ఫుట్‌బాల్. 2022 జనవరి 2న న్యూజెర్సీలో టాంపా బే బక్కనీర్స్‌కూ న్యూయార్క్ జెట్స్‌కూ మ్యాచ్. మూడో క్వార్టర్‌లో టాంపా 10-24తో వెనకబడి ఉంది. బ్రౌన్ ఉన్నట్టుండి సైడ్‌లైన్ దగ్గర జెర్సీ, ప్యాడ్లు విప్పేశాడు. తోటి ఆటగాళ్లు ఆపబోతే వినలేదు. బనియన్, గ్లౌజులు జనంలోకి విసిరేశాడు. ఆట నడుస్తుండగానే గ్రౌండ్ ఆ చివర గెంతులేసి, జనానికి చేయి చూపించి, లోపలికి వెళ్లిపోయాడు. అతను లేకుండానే టాంపా 28-24తో గెలిచింది. ఇక అతను మా టీమ్ మనిషి కాదని కోచ్ బ్రూస్ ఏరియన్స్ ఆ రోజే చెప్పేశాడు. చీలమండ బాగాలేకపోయినా ఆడమని బలవంతం చేశారని బ్రౌన్ తర్వాత అన్నాడు. అతను తనకు ఆ మాటే చెప్పలేదని కోచ్ అన్నాడు. ఎవరిది నిజమో నేను పట్టించుకోలేదు. నాకు కావలసింది ఆ గెంతులే. ఆ వారమంతా ఎవరు ఏ పని ఎగ్గొట్టినా ఆ స్టిక్కర్ పెట్టి నవ్వుకున్నాం.

నేను హన్మకొండలో ఒక ప్రైవేట్ స్కూల్లో పీఈటీని. ముప్పై ఆరేళ్లు. ఉరకడానికి బద్ధకం కాబట్టి చిన్నప్పటి నుంచి గోల్‌కీపర్‌ని. సెలవుల్లో టోర్నమెంట్లుంటే కాజీపేట, వరంగల్, అటు రామగుండం, మంచిర్యాల దాకా పిలుస్తారు. మ్యాచ్‌కు ఎనిమిది వందలు, పెట్రోలు ఖర్చు, మధ్యాహ్నం బిర్యానీ. డబ్బు కోసం ఆడేవాడు ప్రొఫెషనల్ అనుకుంటే నేనూ ప్రొఫెషనల్‌నే.

2024 సంక్రాంతి సెలవుల్లో కాజీపేట వైపు ఒక టోర్నమెంట్, సెమీఫైనల్. ఐదారు వందల మంది జనం. ముప్పై ఐదు నిమిషాల చొప్పున రెండు హాఫ్‌లు. ఇరవయ్యో నిమిషంలో మొదటి గోల్ పడింది. అది నా తప్పేం కాదు. హాఫ్ టైమ్ తర్వాత పడిన రెండోది మాత్రం నూటికి నూరు పాళ్లు నాదే. ఇరవై గజాల నుంచి నేల మీద దొర్లుకుంటూ వచ్చిన బంతి. మా స్కూల్లో ఐదో తరగతి పిల్ల కూడా పట్టేది. వంగాను. రెండు కాళ్ల మధ్య నుంచి పోయింది. వెనక్కి తిరిగి చూస్తే నెట్‌లో మెల్లగా ఆగుతోంది.

గోల్ వెనకాల ఉన్నది అవతలి టీమ్ వాళ్లు కాదు, మా వాళ్లే. నేను ఏళ్ల తరబడి చూస్తున్న మొహాలు. మొదట నవ్వారు. తర్వాత నీళ్ల ప్యాకెట్ ఒకటి వచ్చి మెడ మీద పగిలింది. ఆ తర్వాత ఒక గొంతు, ‘పైసలు తిన్నడురా ఈడు!’ అంది. ఇంకో నలుగురు అందుకున్నారు. కొంచెంసేపటికి అది పాటలా అయింది, చప్పట్లతో సహా.

బూతులు నాకు కొత్త కాదు. గోల్‌కీపర్ అన్నవాడికి వీపు వెనకాలే జనం ఉంటారు, అన్నీ వినబడతాయి. అయినా ఆ రోజు ఏమైందో కుడి గ్లౌజు మణికట్టు పట్టీ లాగాను. అది చర్రుమన్న చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. తర్వాత ఎడమది. రెండూ గోల్ పోస్టు మొదట్లో పెట్టాను. జెర్సీ విప్పి వాటి మీద పడేశాను. బంతి అవతలి హాఫ్‌లో ఉంది. గోల్ లైన్ దాటి, కార్నర్ జెండా పక్క నుంచి నడిచి బయటికి వచ్చేశాను. సెంటర్ బ్యాక్ ‘అన్నా! అన్నా!’ అని అరుస్తున్నాడు. వెనక్కి చూడలేదు.

అంతవరకు నా మనసులో నేనొక సినిమా హీరోను. పార్కింగ్ దగ్గరికి పోయాక తెలిసింది, స్కూటీ తాళం నా బ్యాగులో ఉందని. బ్యాగు మా టీమ్ కుర్చీల కింద ఉంది.

బనియన్ మీద వెనక్కి వచ్చాను. టచ్‌లైన్ పక్క నుంచి, అందరి ముందు నుంచి. మేనేజర్ దగ్గర నిలబడి, ‘అన్నా, జర నా బ్యాగ్ ఇయ్యి’ అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, మాట్లాడకుండా కాలితో బ్యాగు ముందుకు తోశాడు. ఊళ్లో తిరిగిన వీడియో ఇదే. నేను గ్రౌండ్ వదిలింది ఎవరూ సరిగ్గా తీయలేకపోయారు. తాళం కోసం తిరిగి రావడం మాత్రం మూడు కోణాల్లో ఉంది.

తర్వాత జరిగింది నేను చూడలేదు, విన్నాను. మాకున్న మూడు సబ్‌స్టిట్యూషన్లూ అప్పటికే అయిపోయాయి. రెండో కీపర్ పరీక్ష ఉందని కరీంనగర్ పోయాడు. అయినా టీమ్ ఆడొచ్చు, ఏడుగురి కంటే తగ్గితేనే ఆట నడవదు. కాకపోతే పది మందిలో ఒకడు కీపర్ కావాలి, రిఫరీకి చెప్పి, వేరే రంగు జెర్సీ వేసుకుని గోల్‌లో నిలబడాలి. ఎవరూ ముందుకు రాకపోతే మా రైట్ బ్యాక్ వచ్చాడట. డిగ్రీ రెండో ఏడు చదివే పిల్లవాడు, అందరం చిన్నోడా అని పిలుస్తాం. ఐదడుగుల నాలుగంగుళాలు ఉంటాడేమో. చెమటతో తడిసిన నా జెర్సీ తొడుక్కున్నాడు. అది మోకాళ్ల దాకా వచ్చిందట. ఇరవై నిమిషాల్లో నాలుగు బంతులు ఆపాడు. పెనాల్టీలో ఒక గోల్ ఇచ్చాడు. 0-3. మ్యాచ్ అయ్యాక నన్ను తిట్టిన జనమే వాణ్ని భుజాల మీద ఎత్తుకుని తిప్పారట.

సాయంత్రం ఆరింటికి ఫోన్ మొదలైంది. ఒక పెద్దాయన వాయిస్ మెసేజ్ నిమిషంన్నర, అందులో నిమిషం దగ్గే. తెలియని నంబరు నుంచి ‘నిజమైన మొగోనివి అన్నా, గట్లనే చెయ్యాలె’ అని వచ్చింది. తిట్లకంటే అదే ఇబ్బంది పెట్టింది. అతను మెచ్చుకుంటున్న మనిషి నేను కాదు. తెలిసినవాళ్లు తిట్టలేదు, అడిగారు. ‘ఏమైంది?’ అని. ఆ ఒక్క ప్రశ్నకు ఆ వారంలో నేను చెప్పిన జవాబులు లెక్కపెడితే సిగ్గేస్తుంది. దోస్తులకు, పైసలు తిన్నావంటే ఎవరు ఊరుకుంటారని చెప్పాను. మేనేజర్‌కు భుజం పట్టేసిందన్నాను. స్కూల్ కరస్పాండెంట్ సార్‌కు వీడియో చేరిందని తెలిసి, మా అమ్మకు బీపీ పెరిగిందని ఫోన్ వచ్చిందని చెప్పాను. అమ్మకు ఏమీ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. ‘అన్నం తిన్నవా?’ అంది, అంతే. ఆమె బీపీ మాత్రం నిజంగానే పెరిగింది, నా వీడియో చూసి.

భుజం నొప్పి అబద్ధం కాదు. జనం పైసల మాట అన్నదీ అబద్ధం కాదు. కానీ అవి కారణాలని నాకే గట్టిగా అనిపించలేదు. వెలుతురులో చెప్పుకోవడానికి బాగుండేవి ఏరుకున్నానంతే.

సెలవులు అయ్యాక స్కూలుకు పోయాను. నా దగ్గర ఒక రూలుంది. ఆట మధ్యలో అలిగి పక్కకు పోయినవాడు గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు కొట్టాలి. ఏడో తరగతి క్లాసు. వరస కట్టమన్నాను, కట్టారు. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు, కానీ అందరి పెదాలూ బిగుసుకుని ఉన్నాయి. చివరికి ముందు వరసలో ఒకడు చేయెత్తాడు.

‘సార్, మీరెన్ని రౌండ్లు కొట్టాలె?’

క్లాసంతా ఒక్క క్షణం బిగుసుకుపోయింది. నేను విజిల్ తీసి వాడి చేతిలో పెట్టి ఉరకడం మొదలుపెట్టాను. రెండో రౌండ్ సగంలో ఆయాసం వచ్చి ఆగబోతే, వాడు విజిల్ ఊదాడు! పెద్దవాళ్లలో ఎవరి దగ్గరా దొరకని ఊరట ఆ పిల్లల దగ్గర దొరికింది. వాళ్లకు కారణం అక్కర్లేదు, రెండు రౌండ్లు కొడితే లెక్క సరిపోయింది. మర్నాటి నుంచి వాళ్లు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

నక్కలగుట్ట దగ్గర మేం కూర్చునే చాయ్ కొట్టులో లెక్క అంత తొందరగా తేలలేదు. అక్కడొక కాకా ఉన్నాడు, రైల్వేలో రిటైరయ్యాడు, క్రికెట్ తప్ప ఇంకో ఆట ఆటే కాదంటాడు. ఆయన 1981 మెల్‌బోర్న్ టెస్టు తవ్వాడు. ఆస్ట్రేలియా బౌలర్ లిల్లీ బౌలింగ్‌లో గవాస్కర్‌ను డెబ్బై పరుగుల దగ్గర ఎల్బీ ఇచ్చారు. బంతి బ్యాటుకు తగిలిందని గవాస్కర్ కోపం. అవతల నిలబడ్డ చేతన్ చౌహాన్‌ను కూడా వెంటబెట్టుకుని బయటికి నడిచాడు. బౌండరీ దగ్గర టీమ్ మేనేజర్ అడ్డం వచ్చి చౌహాన్‌ను ఆపి వెనక్కి పంపాడు. ఆ టెస్టులో కపిల్ ఐదు వికెట్లు తీసి ఆస్ట్రేలియాను 83కే పడగొట్టాడు, మనం 59 పరుగులతో గెలిచాం.

‘గీత దాటలేదు గావట్టి గెలిచినం. నీకు గీత కాడ ఆపెటోడు లేకపాయె,’ అన్నాడు కాకా.

పక్కన ఇంజనీరింగ్ పిల్లవాడొకడు ఊరుకోలేదు. ‘మరి కేరళ బ్లాస్టర్స్ పోలేదా?’ అన్నాడు. అది 2023 మార్చి 3 నాటి సంగతి, మన దేశంలో ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్‌లో నాకౌట్. బెంగళూరుతో మ్యాచ్ ఎక్స్‌ట్రా టైమ్‌లో, బ్లాస్టర్స్ ఆటగాళ్లు బంతికి అడ్డంగా ఇంకా గోడలా నిలబడకముందే బెంగళూరు ఆటగాడు సునీల్ ఛెత్రి ఫ్రీకిక్ కొట్టి గోల్ వేశాడు. రిఫరీ ఒప్పుకున్నాడు. బ్లాస్టర్స్ కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ తన ఆటగాళ్లందరినీ బయటికి పిలిచేశాడు. వాళ్లు తిరిగి రాలేదు, మ్యాచ్ బెంగళూరుదైంది. ఫెడరేషన్ క్లబ్‌కు నాలుగు కోట్ల జరిమానా వేసి, కోచ్‌ను పది మ్యాచ్‌లు ఆపింది. అభిమానులేమో కొచ్చి ఎయిర్‌పోర్టులో జేజేలు కొట్టి స్వాగతం పలికారు.

‘మొత్తం టీమ్ పోతే నిరసన, ఒక్కడు పోతే పారిపోవుడా? ఇదేం న్యాయం?’ అని వాడి వాదన. నా తరఫున మాట్లాడుతున్నాననుకున్నాడు పాపం. కానీ అది వింటుంటే నాకు అసలు తేడా తెలిసింది. బ్లాస్టర్స్ వాళ్లు పదకొండు మందీ కలిసి ఒకవైపు నిలబడ్డారు. నేను నా పది మందిని లోపల వదిలి వచ్చాను. నన్ను తిట్టింది గోల్ వెనక ఉన్నవాళ్లు. ఆ తిట్లకు బదులుగా నేను దెబ్బ కొట్టింది గోల్ ముందు ఉన్నవాళ్లను. ఆ మాట పైకి అనలేదు. చాయ్ చల్లారిపోయింది.

టోర్నమెంట్ పెద్దమనుషులు ఆదివారం పిలిచారు. షామియానా ఇంకా విప్పలేదు, కింద నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. రిఫరీ రిపోర్టులో నా పేరు పక్కన పసుపు కార్డు అని ఉంది. రెడ్ ఎందుకివ్వలేదని ఒకాయన కొట్లాడాడు. రిఫరీ ఓపిగ్గా చెప్పాడు, అనుమతి లేకుండా కావాలని గ్రౌండ్ వదిలితే శిక్ష పసుపు కార్డేనని. ‘ఇంత పనికి ఇంతేనా!’ అని ఆయన ఆశ్చర్యపోయాడు. నిజం చెప్తే నేనూ ఆశ్చర్యపోయాను. ఒక కాగితం మీద క్షమాపణ రాయించుకున్నారు. ఏడాది దాకా వాళ్ల టోర్నమెంట్‌లో ఆడకూడదన్నారు. ఎనిమిది వందలు రాలేదు, అడగలేదు. నీళ్ల ప్యాకెట్ సంగతి చెప్పబోతే, ‘జనమన్నంక గట్లనే ఉంటది’ అన్నారు. ఆ ముక్క మీద మాత్రం నాకు ఇప్పటికీ కోపమే. మనిషి మెడ మీద ప్యాకెట్ పగలగొట్టడం టికెట్‌తో వచ్చే హక్కేం కాదు. అక్కడ టికెట్ కూడా లేదు.

ఫిబ్రవరిలో మేడారం జాతర. అమ్మ మొక్కు ఉందంటే బెల్లం బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లాం. గద్దెల దగ్గర క్యూలో వెనక నుంచి ఎవరో, ‘గోల్‌కీపర్ సార్ గదా?’ అన్నాడు. ఇక మొదలవుతుందనుకుని తిరిగాను. ‘జర ముందటికి నడువుండ్రి సార్,’ అన్నాడతను. తోపులాటలో అతనికి నా చరిత్రతో పనిలేదు. అప్పటికే గ్రూప్‌లో కూడా ఆ స్టిక్కర్ రావడం తగ్గింది. జనం నన్ను మర్చిపోతున్నారు. మంచిదే. కానీ చిన్నోడు ఆ రోజు నుంచి నాకు ఎదురుపడలేదు. నా గ్లౌజులు వాడి దగ్గరే ఉన్నాయి. తెచ్చివ్వమని అడగడానికి నాకు నోరు రాలేదు.

మా చిన్నమ్మ కొడుకు అమెరికాలో, బఫెలోలో ఎంఎస్ చేస్తున్నాడు. వాడికి నా వీడియో అక్కడిదాకా చేరింది. ఒక రాత్రి ఫోన్ చేసి, ‘అన్నా, ఈడ ఒకాయన నీకంటే ముందే గిట్ల చేసిండు,’ అని వాంటే డేవిస్ సంగతి చెప్పాడు. బ్రౌన్ ఆడిన ఆటే, బఫెలో బిల్స్ టీమ్, పదో సీజన్ ఆడుతున్న డిఫెండర్, ఐదు మిలియన్ డాలర్ల ఒప్పందం. 2018 సెప్టెంబర్ 16న ఛార్జర్స్‌తో మ్యాచ్, హాఫ్ టైమ్‌కు బిల్స్ 6-28తో వెనకబడ్డారు. డేవిస్ బట్టలు మార్చుకుని వెళ్లిపోయాడు. హాఫ్ టైమ్‌లోనే రిటైర్! లోరెంజో అలెగ్జాండర్ అనే తోటి ఆటగాడు, పిల్లల ఆటల నుంచి ఇక్కడిదాకా ఎక్కడా ఇలాంటిది చూడలేదని, ఇది టీమ్‌ను అవమానించడమేనని అన్నాడు. జనం జోకులకు లెక్కే లేదు. మధ్యాహ్నం లంచ్‌కు పోయి ఆఫీసుకు తిరిగి రాకపోతే అది డేవిస్ పద్ధతి అన్నట్టు.

నన్ను పట్టుకున్నది డేవిస్ అదే రోజు ఇచ్చిన ప్రకటన. గాయాలు, ఆపరేషన్లు, వాటన్నిటి తర్వాత గ్రౌండ్‌లో నిలబడితే, నేనిక ఇక్కడ ఉండకూడదన్న నిజం ఒక్కసారిగా తగిలిందని రాశాడు. జనాన్ని తిట్టలేదు, కోచ్‌ను తిట్టలేదు. అది చదివాక ఆ రాత్రి పడుకోలేకపోయాను. నేను అందరికీ చెప్పిన జవాబుల్లో లేనిది అదే. బంతి కాళ్ల మధ్య నుంచి పోయినప్పుడు నాకు కోపం రాలేదు. బాధా కలగలేదు. కరెంటు పోయినట్టు అయింది, అంతే. ‘పైసలు తిన్నడు’ అన్న అరుపు వచ్చేసరికి, హమ్మయ్య, పోవడానికొక సాకు దొరికింది అనిపించింది. అది ఎవరికి చెప్తే ఏం బాగుంటుంది?

అయితే ఒక్కటి. అమెరికా ఆటలో మ్యాచ్ రోజు ఒక్కో టీమ్‌కు నలభై ఆరు మంది సిద్ధంగా ఉండేవాళ్లు, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. డేవిస్ పోతే ఇంకొకడు వచ్చి నిలబడ్డాడు. నా చోట నిలబడింది ఐదడుగుల నాలుగంగుళాల రైట్ బ్యాక్.

ఏప్రిల్ మొదట్లో మా తమ్ముడు మెసేజ్ పెట్టాడు. ఏప్రిల్ 1న ఫ్లోరిడాలో డేవిస్ చనిపోయాడని. ముప్పై ఐదేళ్లు. నాకంటే ఒక ఏడాది చిన్న. ఆ వార్త కింద జనం రాసినవి చాలాసేపు చదివాను. గొప్ప ఆటగాడు, మంచి మనిషి అని వరసగా. మధ్యమధ్యలో, ఆ హాఫ్ టైమ్ రోజు నవ్వినందుకు ఇప్పుడు బాధగా ఉందన్న వాళ్లు ఒకరిద్దరు. నేను గ్రూప్ తెరిచి బ్రౌన్ స్టిక్కర్ తీసేద్దామని చూశాను. నా ఫోన్‌లో తీస్తే నా ఒక్కడికే పోతుందట. మిగతా అందరి ఫోన్లలో ఉండనే ఉంది.

మర్నాడు సాయంత్రం చిన్నోడి ఇంటికి పోయాను. ఫాతిమా నగర్ వెనకాల, రైలు పట్టాల వైపు రెండు గదుల ఇల్లు. వాళ్లమ్మ మంచినీళ్లిచ్చి లోపలికి పోయింది. వాడు తలుపు దగ్గరే నిలబడ్డాడు. ‘ఆ రోజు నీ మీద వదిలేసి వచ్చిన, తప్పైందిరా,’ అన్నాను. కారణం చెప్పబోయాను. వాడు వినడానికి నిలబడలేదు. లోపలికి పోయి ప్లాస్టిక్ కవర్లో గ్లౌజులు తెచ్చాడు. ఉతికి ఆరబెట్టారు. కుడిదాని పట్టీ ఊడితే నల్లదారంతో కుట్టారు, వాళ్లమ్మ కుట్టినట్టుంది.

‘ఆ రోజు మస్తు భయమైంది అన్నా,’ అన్నాడు. అంతకు మించి నన్ను ఏమీ అనలేదు. కొంచెంసేపు ఆగి, కవరు నాకివ్వకుండానే అడిగాడు.

‘పెనాల్టీకి ఎటు దుంకాలో ఎట్ల ఎరుకైతది? నేను కుడికి దుంకిన, ఆడు ఎడమకు కొట్టిండు.’

‘బంతి దిక్కు చూడకు. కొట్టని కాలు, అది ఎటు తిరుగుతదో చూడు,’ అన్నాను.

చీకటి పడేలోపు పక్కనున్న ఖాళీ జాగాలో రెండు ఇటుకలు పెట్టుకున్నాం. నేను కొట్టాను, వాడు దూకాడు. పదకొండు కొడితే రెండు ఆపాడు. రెండోది ఆపినప్పుడు మోచేయి గీరుకుపోయింది, అయినా లేచి ‘ఇంకోటి కొట్టు’ అన్నాడు. గ్లౌజులు వాడి దగ్గరే ఉంచి వచ్చాను.